పక్కన పెట్టినవి

1వ రోజు. పోటీకి ఇంకా పద్దెనిమిది రోజులు.

ఖాళీగా ఉన్నప్పుడు మెమరీ వాడకం: 512లో 74 జీబీ.
ఆటలో ఫ్రేములు: సెకనుకు 120.
బండ నడిచిన దూరం: ఇరవై నిమిషాల్లో 3,240 అడుగులు.
ఇతర విశేషాలు:

కొత్త సిస్టమ్ పరీక్షకని పంచాయతీ ఇచ్చిన ఫారంలో గడులు నాలుగు. మూడు అంకెలకు, నాలుగోది దీనికి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫారం తిరిగొస్తుంది కాబట్టి నాలుగోది కూడా నింపుతున్నాను. తర్వాత ఎక్కువ రాశానని ఎవరూ అనకూడదు.

నా పేరు నాంచారమ్మ. దిగువపాలెం యంత్రాల గది పందొమ్మిదేళ్ళుగా నా చేతిలో ఉంది. ఊరంతటికీ పెద్ద కంప్యూటరు ఒకటే. గాలి, తలుపులు, పంపులు, బడి పాఠాలు, నూట నలభై ఇళ్ళ తెరలు అన్నీ దాని మీదే నడుస్తాయి. నిన్నటిదాకా దాన్ని నడిపిన ఆపరేటింగ్ సిస్టమ్ పేరు తుమ్మ. ఈ పొద్దున తుమ్మను పీకేసి తంగేడు ఎక్కించాను. తంగేడు కావాలని మూడు మీటింగుల్లో గొంతు చించుకున్నది నేనే. మంచి జరిగినప్పుడు ఈ సంగతి జనం మరిచిపోతారు, అందుకని రాసి పెడుతున్నాను.

తుమ్మ ముసలిదైపోయింది. గత రెండేళ్ళూ బండలాగుడు పోటీ మధ్యలో అది బిగుసుకుపోయి, మా ఎడ్లు కాళ్ళెత్తినవి ఎత్తినట్టే నిలబడిపోయాయి. రెండుసార్లూ ఎగువపాలెం గెలిచింది. మంచుగని నుంచి వచ్చే గొట్టం ఒకటి, ఊళ్ళు రెండు. ముందు వంతు ఎవరిదన్న తగాదాలో ఒకప్పుడు వాల్వు పగలగొట్టుకుని ఏడుగురిని పోగొట్టుకున్నాక పెద్దలు ఈ ఆట పెట్టారు. తెర మీద ఎడ్లు, తెర మీద బండ. ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళకు మొదటి నలభై రోజులు నీళ్ళు. ఈ గ్రహం మీద నిజం ఎద్దును చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా ఎద్దు గురించి అందరికీ అన్నీ తెలుసు.

ఈసారి ఓడిపోకూడదు. తోట ట్యాంకులో ఇరవై రెండు రోజుల నీళ్ళున్నాయి. ఓడితే, అది ఎండిన ముప్పై ఏడు రోజులకు గానీ మా వంతు రాదు. తోటలో పున్నమ్మత్త పెంచుతున్న మిరప నారు ఉంది, రెండు వేల ఎనిమిది వందల మొక్కలు. రెండేళ్ళుగా ఎండిపోగా మిగిలిన గింజలన్నీ ఆవిడ ఈసారి పోసేసింది. డబ్బాలో ఒక్క గింజ లేదు. ఈ రకం ఇంకెక్కడా లేదు. నారు పోతే దిగువపాలెంలో మిరప అన్నది ఇక ఉండదు.

ఎడ్లు తోలేది మా మరిది గరటయ్య. కొత్త సిస్టమ్ మీద మొదటి సాధన అయ్యాక చర్నాకోల భుజాన వేసుకుని, "వదినా, వెన్న మీద నడిచినట్టు నడిచినయ్" అన్నాడు. ప్రెసిడెంటు ఏడుకొండలు గారు చప్పట్లు కొట్టించారు. నాకూ సంతోషంగానే ఉంది.

3వ రోజు.

మెమరీ: 121. ఫ్రేములు: 116. దూరం: 3,205.

పెరిగింది. కొత్త చెప్పు కూడా రెండు రోజులు కరుస్తుంది. గాలి గొట్టాల జల్లెళ్ళలో ఎర్ర దుమ్ము దులిపాను.

5వ రోజు.

మెమరీ: 176. ఫ్రేములు: 94. దూరం: 3,060.

ఎవరూ కొత్తగా ఏమీ తెరవలేదు. నేను చూస్తుండగానే అంకె పెరుగుతోంది. తంగేడు తయారుచేసిన కేంద్రానికి రాశాను. "మీ ప్రశ్న అందింది" అని జవాబు వచ్చింది. అందినట్టు నాకూ తెలుసు.

ఆటలో ఎడ్లు బొమ్మలు కావు. దూడలప్పటి నుంచి పెంచాలి, అదిలించాలి, నేర్పాలి. నేర్చినకొద్దీ మెమరీ తింటాయి. గరటయ్య జతకు నాలుగు వందల జీబీ దొరికితే ఒక్క అడుగు తడబడవు. అంతకు తగ్గితే ఫ్రేములు తగ్గుతాయి. అప్పుడు ఒక ఎద్దు అడుగు వేశాక రెండోది వేస్తుంది. కాడి వంకరపోతుంది, బండ పక్కకు ఈడుస్తుంది. ఈ రోజు ఎడమ ఎద్దు మోకాళ్ళ మీద పడింది. గరటయ్య తెర ముందు నిలబడి దాని మోకాలు నిమిరాడు. తెర మీద వేలిముద్రలు పడ్డాయి. తుడిచాను.

6వ రోజు.

మెమరీ: 205. ఫ్రేములు: 82. దూరం: 2,955.

ఎగువపాలెంలో ఎడ్లు తోలే జాలయ్య మొన్న మా సాధన చూసి "అబ్బో" అన్నాడట. అంతే, దిష్టి తగిలిందని ఊరంతా తేల్చేసింది. దిష్టి తీయాలంటే ఎండు మిరపకాయలు కావాలి. మిరపకాయలే ఉంటే ఈ గొడవే లేదు.

గరటయ్య ఎర్ర వైరు ముక్కలు ఏడు కత్తిరించి తెచ్చి కంప్యూటరు చుట్టూ తిప్పాడు. తర్వాత చూస్తే ఆ వైరు నా రెండో ఫ్యానుది.

7వ రోజు.

మెమరీ: 238. ఫ్రేములు: 70. దూరం: 2,610.

ఆటలో బరువు తగ్గిద్దామని ఆకాశం తీసేశాను. దుమ్ము తీసేశాను. బరి చుట్టూ ఈలలు వేసే ఆరు వేల మంది జనాన్ని తీసేశాను. ఫ్రేములు ఆరు పెరిగాయి, దూరం మూడు వందల అడుగులు తగ్గింది.

"ఎవురూ లేని బరిలో ఎడ్లు ఎట్టా లాగుతయ్ వదినా? అయి ఈలలు ఇంటా పెరిగినయ్" అన్నాడు గరటయ్య.

"ఎడ్లకు పొగడ్తలు కావాలా?"

"నీకొద్దా?"

జనాన్ని తిరిగి పెట్టాను. ఆకాశాన్ని పెట్టలేదు. ఎద్దు తల ఎత్తి ఆకాశం చూస్తుందని గరటయ్య కూడా అనలేకపోయాడు.

9వ రోజు.

మెమరీ: 301. ఫ్రేములు: 46. దూరం: చెప్పుకోదగ్గది కాదు.

కేంద్రం నుంచి జవాబు వచ్చింది: "అవసరం లేని ప్రోగ్రాములను మూసివేయగలరు. మీ సమస్య పరిష్కారమైనట్టు భావిస్తున్నాం."

తెరిచి ఉన్న ప్రోగ్రాముల జాబితా తీశాను. పదకొండు వేల నాలుగు వందల ఆరు.

కేంద్రం వాళ్ళకు అర్థం కాని సంగతి ఇక్కడ రాయాలి. మేం ప్రోగ్రాములు మూయం. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. ఊరు కట్టిన మొదటి చలికాలంలో ఎవరో పొరపాటున గాలి ప్రోగ్రామును మూశారు. పదకొండు నిమిషాలు గాలి లేదు. మా అమ్మ ఆ పదకొండు నిమిషాల గురించి బతికినంత కాలం చెప్పింది. ఆ తర్వాత ఎవరూ ఏదీ మూయలేదు. పని అయిపోతే "పక్కన పెట్టు" అంటాం. ప్రతి ఇంటి తెర మీదా, మూసే గుర్తు ఉన్న మూలలో, వేలు తగలకుండా ఒక బొట్టుబిళ్ళ అంటించి ఉంటుంది. కాపురానికి వచ్చిన కోడలికి మొదట నేర్పేది అదే.

మరి ఇన్నేళ్ళు ఎలా నడిచిందంటే, తుమ్మ మమ్మల్ని మోసం చేసింది. మూడు రోజులు ఎవరూ ముట్టని ప్రోగ్రామును చప్పుడు కాకుండా ఆపేసి డిస్కులో పడేసేది. దాని ఆఖరి బొమ్మను మాత్రం తెర మీద అంటించి ఉంచేది. తెరిచే ఉందని మేం నిశ్చింతగా ఉన్నాం. తంగేడుకు అబద్ధం చేతకాదు. పక్కన పెట్టమంటే ప్రాణంతో పక్కన పెడుతుంది. పైగా తుమ్మ ఎప్పుడెప్పుడో డిస్కులో పడేసినవాటిని రోజుకు వెయ్యికి పైగా లేపి నిలబెడుతోంది. లేపాక డిస్కులో ఉన్నది తుడిచేస్తోంది. ఇక మూస్తే మళ్ళీ రావు.

జాబితాను పరిమాణం ప్రకారం పేర్చాను. అన్నిటికంటే పైన ఉన్నది తొంభై ఆరు జీబీ తింటోంది. అది యంత్రాల గదిదే. దాని సంగతి తర్వాత చూస్తాను.

10వ రోజు.

మెమరీ: 356. లేవాల్సినవన్నీ లేచాయి, ఇక పెరగదు. ఫ్రేములు: 29. దూరం: ఎడ్లు పడుకున్నాయి.

పంచాయతీ మీటింగు పెట్టారు. మళ్ళీ తుమ్మ ఎక్కించమన్నారు. కుదరదన్నాను. ఎడ్ల నేర్పునంతా తంగేడు తన పద్ధతిలోకి మార్చేసుకుంది, తుమ్మకు అది చదవడం రాదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని వెనక వరసలో ఎవరో అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు.

"మరి దారేంది?" అన్నారు ఏడుకొండలు గారు.

"పక్కన పెట్టినవన్నీ మూయాలి."

అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. అపశకునపు మాటలేందన్నారు. నీ ఇంట్లో మూసుకో అన్నారు. ఏడుకొండలు గారిది కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి లేచి, "మూయమని పంచాయతీ చెప్పదు. మూయొద్దనీ చెప్పదు" అని తీర్మానం రాయించారు. నాకు ఒళ్ళు మండింది. తీర్మానం నకలు దీనికి జత చేశాను.

పున్నమ్మత్త మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

11వ రోజు.

మెమరీ: 351. ఫ్రేములు: 31. దూరం: ఎడ్లు ఇంకా లేవలేదు.

పొద్దున్నే పున్నమ్మత్త నా గదికి వచ్చింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, తోట నుంచి ఇక్కడికి మూడు తలుపులు దాటాలి.

"అమ్మాయ్, నావి ఎన్ని ఉన్నయ్?"

"రెండు వందల పద్నాలుగు, అత్తా."

"తియ్యి. ఒక్కోటీ చూపియ్యి."

తెర మూలనున్న బొట్టుబిళ్ళను గోటితో గీకి తీసింది. తీసి తన నుదుటి మీదే పెట్టుకుంది. మొదటిది మార్కాపురం వాతావరణం. వాళ్ళమ్మ తెరిచింది. ఆ తల్లి భూమి వదిలి ఇక్కడికి వచ్చి ఎనభై ఏళ్ళయింది, అయినా అక్కడ ఎండ ఎంత కాస్తోందో రోజూ చూసుకునేదట. నలభై మూడు డిగ్రీలు. పున్నమ్మత్త దానికేసి చూసి, "పోయిరా తల్లీ" అని మూల మీద వేలు పెట్టింది.

మూస్తున్నానని అనలేదు. ఊరెళ్ళే మనిషిని గుమ్మం దాకా సాగనంపినట్టు పంపింది. ఒకటి తర్వాత ఒకటి. విత్తనాల పట్టికలు, సగం రాసిన ఉత్తరాలు, చనిపోయిన పిల్లి ఫోటోలు. అన్నిటికీ అదే మాట.

నూట తొంభయ్యోది పేకాట. రమ్మీ. ఆట మధ్యలో ఆగి ఉంది.

"ఇది మీ మామతో ఆడేది" అంది. "ముక్క ఆయన వెయ్యాల. వేస్తాడేమోనని ఉంచా."

మామ పోయి పదమూడేళ్ళు.

"ఆయనెప్పుడూ ఇంతే. ఓడిపోయేటప్పుడు లేచి పోయేవాడు" అంది. తెరకు దగ్గరగా జరిగి, "ఆయన ముక్కలు చూడొచ్చా?" అని అడిగింది.

చూపించాను. అన్నీ కలిసి ఉన్నాయి. షో కొట్టడమే మిగిలింది. పున్నమ్మత్త నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"చూశావా! గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని పోయాడు మారాజు."

అని, దాన్నీ పంపింది. అయిదు జీబీ ఖాళీ అయింది.

12 నుంచి 15వ రోజు దాకా. నాలుగు రోజులవీ ఒకే చోట రాస్తున్నాను, ఊరంతా తిరుగుతున్నాను కాబట్టి.

మెమరీ: 322, 281, 240, 204. ఫ్రేములు: 39, 53, 69, 83. చివరి రోజు దూరం: 2,970.

పున్నమ్మత్త తన మొగుడి పేకాటనే పంపిందన్న మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఆ తర్వాత కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. జాబితా పట్టుకుని నేను ఇల్లిల్లూ తిరిగాను. ఎవరివి వాళ్ళే పంపాలన్నాను. నా చేత్తో ఒక్కటీ పంపలేదు.

ఒకాయన దగ్గర లెక్కలు కట్టే యంత్రం మూడు వందల నలభై సార్లు తెరిచి ఉంది. ప్రతి లెక్కకూ కొత్తది తెరిచేవాడట. ఒకావిడ తెరకు బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క తెచ్చింది. తెరకు చేతుల్లేవన్నాను. అయినా దాని మీద పరిచి తీసుకుంది. ఒకింట్లో తొమ్మిదేళ్ళ కిందటి గొడవ ఉంది, అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ రాసుకున్నది. ఇద్దరినీ కూర్చోబెట్టాను. ఇద్దరూ పైనుంచి కిందదాకా చదివి, నువ్వే ముందన్నావంటే నువ్వే అని మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి పంపారు.

ఏడుకొండలు గారి దగ్గర, ఆరేళ్ళ కిందట నా మీద రాయబోయి ఆపేసిన ఫిర్యాదు దొరికింది. "సదరు నాంచారమ్మకు నోటి దురుసు" అన్న చోట ఆగింది. నేనే బిగ్గరగా చదివి వినిపించాను. ఆయన తల దించుకుని "పోయిరా" అన్నారు.

"రాకపోయినా ఫర్వాలేదండీ" అన్నాను.

ఇంకా తొంభై రెండు జీబీ తగ్గితే గానీ ఎడ్లకు నాలుగు వందలు దొరకవు. ఇళ్ళలో పంపాల్సినవి ఇక లేవు.

16వ రోజు.

మెమరీ: 204. ఫ్రేములు: 83. దూరం: 2,966.

జాలయ్య జత నిన్నటి సాధనలో మూడు వేల రెండు వందల నలభై లాగిందని ఎగువపాలెం నుంచి కబురు. వాళ్ళే పంపారు, మమ్మల్ని అదరగొట్టడానికి. అదిరాం.

గరటయ్య నా భుజం మీదుగా జాబితా చూశాడు.

"వదినా, పైన తొంభై ఆరు అని ఉందే, అదేంది?"

"యంత్రాల గదిది."

"యంత్రాల గదిలో ఏముందీ?"

"మీ అన్న ఎడ్లు."

వాడు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

మా ఆయన పేరు మాల్యాద్రి. గరటయ్యకు ముందు ఊరి ఎడ్లు తోలింది ఆయనే. ఈ గదిలోనే, నా కుర్చీ వెనక నిలబడి సాధన చేసేవాడు. పదకొండేళ్ళ కిందట ఒకరోజు సాధన మధ్యలో దగ్గు వచ్చి కూర్చున్నాడు. గని దుమ్ము. మళ్ళీ లేవలేదు. తెర మీద ఎడ్లు అట్లాగే ఉంటే, అందరూ ఏం చేస్తారో నేనూ అదే చేశాను. పక్కన పెట్టాను. తుమ్మ వాటిని డిస్కులో పడేసిందని నాకు తెలియదు. బొమ్మే చూస్తూ ఉన్నాను.

తొమ్మిదో రోజున జాబితా తీసినప్పుడు తెరిచి చూశాను. అప్పుడు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. బొమ్మ కాదు. బరి మధ్యలో, కాడి మెడ మీద ఉండగానే నిలబడి ఊపిరి తీస్తున్నాయి. తోకలు ఆడిస్తున్నాయి. నేను అలవాటు కొద్దీ, రోజూ ఆయనను పిలిచినట్టే, "పొద్దుపోయింది, అన్నానికి లే" అన్నాను. కుడివైపుది చెవి ఇటు తిప్పింది. ఆ మాట వినపడితే సాధన అయిపోయిందని దానికి తెలుసు. ఆ అలవాటు ఎరిగినవాళ్ళు ఈ లోకంలో నేనూ ఆ ఎద్దూ తప్ప ఇంకెవరూ లేరు.

గరటయ్య వాటినే పోటీలో దింపుదామన్నాడు. బతికి ఉన్న జత, అన్న పెంచిన జత, ఇంతకంటే ఏం కావాలన్నాడు. అయిదుసార్లు అదిలించాడు. చర్నాకోల ఝళిపించాడు. అన్న గొంతు పెట్టి చూశాడు. ఎడ్లు కాలు కదపలేదు. వాడివైపు చూడను కూడా చూడలేదు.

వాడు చర్నాకోల కింద పెట్టేసి, "పోన్లే వదినా. ఎనభై మూడుతోనే లాగిద్దాం. దేవుడున్నాడు" అన్నాడు.

"దేవుడికి ఫ్రేములు తక్కువైతే ఏం చేస్తాడురా?" అని అరిచాను. వాడి మీద అరవాల్సింది కాదు.

17వ రోజు.

మెమరీ: 204. ఫ్రేములు: 83. దూరం: 2,971.

నడుస్తున్న ఎడ్లను మళ్ళీ డిస్కులో దాచే మార్గం ఉందా అని కేంద్రాన్ని అడిగాను. "ఆ సదుపాయాన్ని రాబోయే విడుదలలో పరిశీలిస్తాం" అన్నారు. రాబోయే విడుదల ఎప్పుడని అడిగాను. నా ప్రశ్న అందిందన్నారు.

తోటకు వెళ్ళాను. నారుకు నాలుగేసి ఆకులు వచ్చాయి. పున్నమ్మత్త గరిటెతో ఒక్కో మొక్క మొదట్లో నీళ్ళు పోస్తోంది. ట్యాంకు అడుగు కనిపిస్తోంది. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. జాబితాలో ఏం మిగిలిందో ఊళ్ళో అందరికీ తెలుసు, గరటయ్య నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఎవరూ అడగడం లేదు. అడిగితే తిట్టేదాన్ని. అడగకపోయేసరికి కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, తిరిగొచ్చేటప్పుడు మూడు తలుపులూ గట్టిగా వేశాను.

ఈ రోజు పంపలేదు.

18వ రోజు.

మెమరీ: 108. ఫ్రేములు: 120. దూరం: 3,268.
ఇతర విశేషాలు: ఏమీ లేవు.

19వ రోజు. పోటీ.

మెమరీ: 108. ఫ్రేములు: 120, చివరిదాకా.
దూరం: దిగువపాలెం 3,271 అడుగులు. ఎగువపాలెం 3,260 అడుగులు.

గెలిచాం. పదకొండు అడుగులు.

పోటీ వివరాలు పంచాయతీ వాళ్ళ పుస్తకంలో ఉంటాయి, నేను క్లుప్తంగా రాస్తాను. జాలయ్య జత ముందు లాగింది. బాగా లాగింది, కాదనను. తర్వాత మన వంతు. పదిహేనో నిమిషం దాకా గరటయ్య వెనకే ఉన్నాడు. పదహారో నిమిషంలో ఆరు వేల మంది ఈలలు వేశారు, గదిలో ఉన్న నూట యాభై మందీ వేశారు. ఎడ్లు రెండూ ఒకే అడుగు వేశాయి, మళ్ళీ ఒకే అడుగు. ఏడుకొండలు గారు నా జబ్బ పట్టుకుని గిచ్చారు. నల్లగా కమిలింది. ఇది ఫిర్యాదు కాదు.

ఎనభై మూడు ఫ్రేములతో అయితే మూడు వందల అడుగుల తేడాతో ఓడిపోయేవాళ్ళం. ఆ లెక్క రెండుసార్లు వేసుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి జాలయ్యే వచ్చి, ఆచారం ప్రకారం తన చేత్తో వాల్వు మన వైపు తిప్పాడు. గొట్టం దగ్గింది, ఎర్రటి నీళ్ళు కక్కింది, తర్వాత తేటనీళ్ళు వచ్చాయి. ట్యాంకు సగానికి వచ్చేదాకా జనం కదల్లేదు.

పరీక్ష ఫారం చివర ఒక ప్రశ్న ఉంది: "ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇతర ఊళ్ళకు సిఫారసు చేస్తారా?" చేస్తాను. వేగంగా ఉంటుంది. బిగుసుకుపోదు. చెప్పిన పనిని చెప్పినట్టే చేస్తుంది, కాబట్టి ఏం చెబుతున్నారో చూసుకుని చెప్పమనండి.

ఇక్కడితో ముగించవచ్చు. కానీ ఫారం కట్టబోతుంటే పున్నమ్మత్త వచ్చింది. చేతులకు బురద ఉంది. కడుక్కోకుండానే వచ్చింది, అంటే నారుకు పారించి నేరుగా వచ్చిందన్నమాట. గరటయ్య స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. ఇద్దరం తెరకేసి చూశాం. తెర మీద ఏమీ లేదు.

"నిన్న పంపావా అమ్మాయ్?"

"పంపానత్తా."

"అట్టా నిలబడి ఉండంగానే పంపావా, కాడి తీశావా?"

"తీశాను. కాడి తీసి, నీళ్ళు పెట్టి, కాసేపు తిరగనిచ్చాను. కుడివైపుది పోనంది. అన్నానికి లెమ్మన్నాక పోయింది."

"మంచిపని చేశావు" అంది. "పదకొండేళ్ళు మోసినయ్ పాపం."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నిన్న రాలేదు, పోటీ అప్పుడూ రాలేదు, అప్పుడొచ్చింది. ఆవిడ బురద చెయ్యి నా వీపు మీద వేసి నిమురుతూ కూర్చుంది. ఇది ఈ గడిలో రాయాల్సిన సంగతి కాకపోవచ్చు. పరీక్ష సమయంలోనే జరిగింది కాబట్టి రాశాను.